పాత చెప్పులు కాదు, కొత్త షీటు: పిల్లల కరాటే క్లాసుకు చేతితో చేసిన సామాన్ల డైరీ

జూన్, బడులు తెరిచిన వారం

ఏలూరులో మా కమ్యూనిటీ హాల్లో నడిపే సాయంత్రం క్లాసుకు ఈ ఏడాది పిల్లల సంఖ్య బాగా పెరిగింది. ఆరేళ్ల వాళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్ల దాకా ముప్పై మందికి పైనే ఉన్నారు. సామాను మాత్రం పాతదే: దెబ్బ కాచుకోవడానికి చేతికి తొడిగే రెండు ఫోకస్ ప్యాడ్లు, కిక్కులు కాచుకునే దిండులాంటి ఒక కిక్ షీల్డు, అంచులు చిరిగిన నాలుగు మ్యాట్లు. ప్యాడ్ ముందు వరస కట్టిస్తే ఒక్కొక్కరికి వచ్చేది రెండు కిక్కులు. ఆ తర్వాత మళ్లీ తమ వంతు వచ్చేదాకా నిలబడాలి. అప్పుడే పక్కవాడి బెల్టు లాగడాలు, గోడకి ఆనుకోవడాలు, "మేడం, మంచినీళ్లు" అనడాలు మొదలవుతాయి. పిల్లలది తప్పని నేననుకోను. గంట క్లాసులో ఒళ్లు కదిలేది పావుగంటే అయితే మిగతా టైమంతా వాళ్లేం చెయ్యాలి?

ఇద్దరికి ఒకటి చొప్పున ప్యాడ్లు కొనడం మా ఫీజులతో అయ్యే పని కాదు. పోనీ ఫీజు పెంచుదామంటే ముందు మానిపించేది ఆడపిల్లల్నే. అందుకే ఈ సీజన్లో సామాను మనమే తయారు చేసుకుందామని మొదలుపెట్టాను. సందు చివర బైకు సీట్లు కుట్టే బాబాయ్, పక్క వీధి టైలరక్క, తెలిసిన ఏసీ మెకానిక్ తమ్ముడు, వీళ్లే నా సప్లయర్లు.

ఒక్క షరతు పెట్టుకున్నాను. దెబ్బ సరిగ్గా పడిందో లేదో, అడుగు సరైన చోట ఉందో లేదో నేను చెప్పకముందే ఆ వస్తువే పిల్లలకు చెప్పాలి. చప్పుడుతో చెప్పినా సరే, తగిలి చెప్పినా సరే, కంటికి కనిపించినా సరే. ముప్పై మందికీ నేనొక్కదాన్నే. నేను ఒకరి మోచెయ్యి సరిచేస్తుంటే మిగతావాళ్లు తప్పుగా చేసిందే మళ్లీ మళ్లీ చేసి దాన్నే అలవాటు చేసుకుంటారు. అందంగా ఉండి ఏమీ చెప్పని వస్తువైతే మాకు అక్కర్లేదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. కరాటే పుట్టిన జపాను దీవి ఒకినావాలో సంప్రదాయ సామానంతా చేతి తయారీదే. మకివారా అంటే నేలలో పాతిన చెక్కకు వరిగడ్డి తాడు చుట్టింది. చీ ఇషి అంటే రాయికి కర్ర పిడి బిగించింది. నిగిరి గామె అంటే అంచు పట్టుకుని ఎత్తే మట్టి కుండ. మన తాలింఖానాల్లో తిప్పే కర్ర సంగడాలూ ఆ కోవలోవే. కరాటే గురువు ఇతోసు అంకో 1901లో అక్కడి బడిపిల్లలకు కరాటే నేర్పడం మొదలుపెట్టాడు. పిల్లలకు తగ్గట్టు పినాన్ కటాలు (వరసగా చేసే కదలికల కూర్పులు) తయారుచేసిందీ ఆయనే. ఇవాళ మా పిల్లలు నేర్చుకునే హెయాన్ కటాలు వాటి నుంచి వచ్చినవే. పిల్లలకు తగ్గట్టు విద్యను మలచడం కరాటేకి తక్కువేమీ కాదని చెప్పడానికి నాకు ఆ ఒక్క పేరు చాలు.

జూన్ చివరి వారం: చప్పుడు చేసే ప్యాడ్

మొదట చేసింది ఇదే, ఇప్పటికీ పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైందీ ఇదే. టైక్వాండో క్లాసుల్లో వాడే రెండు రేకుల ప్యాడ్ చాలామంది చూసే ఉంటారు, కిక్ తగలగానే ఠపీమంటుంది. హవాయి చెప్పుల రబ్బరుతో అది బ్రహ్మాండంగా వస్తుంది. పట్టీలు తీసేసిన రెండు అట్టలు తీసుకుని ఒకదానిమీద ఒకటి పెట్టాలి. మడమ వైపు మధ్యలో చిన్న రబ్బరు ముక్క ఇరికించి, దాని మీదుగా పాత సైకిల్ ట్యూబు పట్టీ బిగించి చుడితే అదే పిడి. ఆ ముక్క వల్ల రెండో కొస దగ్గర అట్టల మధ్య వేలు పట్టేంత సందు ఉంటుంది. ఆ సందు లేకపోతే చప్పుడు రాదు. మరీ ఎక్కువైతే అట్టలు ఊగిపోతాయి తప్ప గట్టిగా తాకవు.

మావాషి గేరికి, అంటే పక్కనుంచి గుండ్రంగా తిప్పి కొట్టే కిక్కుకు, ఇది చక్కటి గురువు. పాదం పైభాగం అట్టకు పూర్తిగా తగిలితే హాలు మార్మోగుతుంది. వేళ్ల కొసలు తగిలినా, చీలమండ వంకరగా ఉన్నా చప్పుడు చచ్చుగా వస్తుంది. పిల్లలు నా మొహం వైపు చూడటం మానేసి చప్పుడు వినడం మొదలుపెట్టారు. నాకు కావలసింది సరిగ్గా అదే. మాయే గేరికి, అంటే ఎదురుగా కొట్టే కిక్కుకు, మాత్రం ఇది పనికిరాదు. అందులో తగలాల్సింది వేళ్ల కింది గుండ్రటి భాగం, అది తోసినట్టు తగులుతుంది కాబట్టి అట్టలు చప్పుడు చేసే అవకాశమే లేదు.

ఇక చెప్పుల సంగతి. మొదటి ప్యాడ్లు ఇంట్లో ఉన్న పాత చెప్పులతోనే, బాగా కడిగి చేశాను. మనవడిని తీసుకెళ్లడానికి వచ్చిన ఒక మామ్మగారు అది చూసి ఆగిపోయారు. "విద్య నేర్చుకునే చోట చెప్పులు చేత్తో పట్టుకోవడమేంటమ్మా?" అన్నారు. ఆవిడ మాటలో నాకు న్యాయం కనిపించింది. గుమ్మం బయట చెప్పులు విడిచి, నేలకు వంగి నమస్కారం పెట్టి లోపలికి రమ్మని పిల్లలకు చెప్పేది నేనే కదా! పైగా మనకు చెప్పు చూపించడమంటే అవమానం. ఒక పిల్ల ఇంకో పిల్ల మొహం ముందు చెప్పు పట్టుకుని నిలబడటం నాకూ నచ్చలేదు. గుడ్డ తొడిగి చూస్తే చప్పుడు పోయింది. చివరికి చెప్పుల సామాను అమ్మే కొట్లో అదే రబ్బరు షీటుగా దొరికింది. అరిటాకు ఆకారంలో నిలువుగా కోయించాను, కాబట్టి అవి ఎప్పుడూ చెప్పులు కాలేదు. ఒక షీటుకు నాలుగైదు ప్యాడ్లు వచ్చాయి. ఒక్కోదానికి రూ.100 లోపే అయింది. తర్వాత ఆ మామ్మగారికి చూపిస్తే ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తానే చప్పుడు చేసి చూశారు.

జూలై మొదట్లో: ఎక్స్‌రే ఫిల్ములు

మన దగ్గర కరాటే నేర్చుకున్నవాళ్లకు ఇది తెలిసిన చిట్కాయే. బీరువా పైన కవర్లలో పడి ఉండే పాత ఎక్స్‌రే ఫిల్ము కిక్కుకు మంచి గురి. 14 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవున్న పెద్ద ఫిల్ములైతే ఇంకా మంచిది. ఇద్దరిలో ఒకరు పై అంచు పట్టుకుని వేలాడదీస్తారు, ఇంకొకరు కొడతారు. కాలు వేగంగా వెళ్లి వేగంగా వెనక్కి వస్తే ఫిల్ము ఫెళ్లుమంటుంది. నెట్టినట్టు కొడితే ఊరికే వంగుతుంది. "కాలు వెనక్కి లాగు, వెనక్కి లాగు" అని ఎన్నేళ్లుగా అరిచి చెబుతున్నానో, ఆ మాట ఫిల్ము ఒక్క సాయంత్రంలో చెప్పేసింది. ప్యాడ్‌తో కుదరని మాయే గేరి దీనితో కుదిరింది.

వాడే ముందు రెండు పనులు తప్పనిసరి. ఫిల్ము అంచు పదునుగా ఉంటుంది, చర్మం కోస్తుంది. నాలుగు వైపులా గుడ్డ టేపు వేసి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. రెండోది, ఫిల్ము మూల మీద రోగి పేరు, వయసు, తేదీ ఉంటాయి. ఆ ముక్క కోసెయ్యాలి. ఎవరి జబ్బు ఏమిటో క్లాసులో పిల్లలు చదవకూడదు. ఇళ్లలోంచి తెచ్చిన ఫిల్ముల పేర్లున్న మూలలన్నీ నేనే దగ్గర కూర్చుని కత్తిరించాను.

ఒక్క ఛాతీ ఫిల్మును మాత్రం గురిగా వాడలేదు. అది మా ఇంట్లోదే. కిటికీ అద్దానికి అతికించి, వెలుతురులో పక్కటెముకలు ఎక్కడ ముగుస్తాయో, వాటి నడుమ పొట్ట పైభాగం ఎందుకంత మెత్తనో చూపించాను. పిల్లలు తమ ఛాతీ తడుముకుంటూ ఎముకలు లెక్కపెట్టుకున్నారు. చూదాన్ (ఒంటి నడిమి భాగం) అంటే ఎక్కడో, ఆ దెబ్బను ఎందుకు ఆపుకోవాలో ఆ రోజు తర్వాత మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

వాన సాయంత్రాలు

బయట ముసురు, హాల్లో సగం చోట వాన కారుతోంది. ఉన్న సగంలో కాగితం పని పెట్టాను. పాత దినపత్రిక ఒక పేజీ ఇద్దరు వేళ్లతో బిగించి పట్టుకుంటే మూడోవారు ఓయి జుకి (అడుగు ముందుకు వేస్తూ కొట్టే గుద్దు) కొడతారు. నడుము తిరిగి పిడికిలి వేగంగా వస్తే కాగితం మధ్యలో బొక్క పడుతుంది. చెయ్యి ఒక్కటే వస్తే కాగితం వంగి ఊరుకుంటుంది. చిరిగిన ముక్కల్ని ఉండలు చుట్టి తర్వాతి ఆటకు వాడతాం: ఒకరు విసరాలి, ఇంకొకరు అగే ఉకేతో (ముంజేతిని పైకి లేపి దెబ్బ ఆపడం) పైకి కొట్టెయ్యాలి. కాగితం ఉండ తగిలినా నొప్పి పుట్టదు. అందుకే భయపడే పిల్లలు కూడా కళ్లు మూయకుండా చూస్తారు. దెబ్బ వస్తున్నప్పుడు కళ్లు తెరిచి ఉంచడం చిన్నపిల్లలకు అన్నిటికంటే కష్టమైన పాఠం, దాన్ని భయపెట్టి నేర్పలేం.

బుడగ కూడా ఇలాంటిదే. దారానికి కట్టి ముక్కు ఎత్తులో వేలాడదీస్తే, పిడికిలి దానికి అంగుళం దూరంలో ఆగాలి. తగిలితే బుడగ ఎగిరిపోయి అందరికీ తెలుస్తుంది. అంతకు మించి దీని గురించి చెప్పేదేమీ లేదు. పగిలితే ఇంకోటి ఊదుకోవడమే.

జూలై చివర: మెత్తటి కర్రలు

ఏసీ రాగి పైపు మీద తొడిగే ఫోమ్ గొట్టాలు మెకానిక్ తమ్ముడి దగ్గర ముక్కలుగా మిగిలిపోతాయి. వాటిలో రెండు రకాలున్నాయి. నల్ల రబ్బరు రకం బరువు, ఊపితే వంగిపోతుంది, చేతికి వాసన అంటుకుంటుంది. తేలికైన తెల్ల ఫోమ్ రకం మాకు సరిపోయింది. లోపల సన్న పీవీసీ పైపు పెడితే కర్ర నిటారుగా నిలుస్తుంది కానీ, నాలుగు ఊపుల తర్వాత ఫోమ్ కిందికి జారి పైపు కొస బయటపడుతుంది. నా మోకాలి మీదే కొట్టి చూసుకుని ఆ రకం పక్కన పెట్టేశాను. ఇప్పుడు లోపల ఏమీ లేని రెండడుగుల ముక్కలే వాడుతున్నాం. రెండు కొసలకూ గుడ్డ టేపు చుట్టాం.

ఆట ఇది: ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. కర్ర ఉన్నవారు కాళ్ల దగ్గర ఊపితే ఎగరాలి, తల దగ్గర ఊపితే గుంజీలు తీసినట్టు కూర్చోవాలి, నిలువుగా వస్తే చేత్తో అడ్డుకోవాలి. మొదటి వారం నెమ్మదిగా, చెప్పి మరీ ఊపాలి. రెండో వారం నుంచి చెప్పకుండా. "ఇది కర్రసామేనా మేడం?" అని ఒక పిల్లాడు అడిగాడు. వాళ్ల ఊళ్లో పండగల్లో తాతగారు కర్ర తిప్పుతారట. వచ్చేవారం తాతగారినే రమ్మన్నాను. ఆయన వచ్చి, చేతికర్ర తిప్పడం చూపించి, పిల్లలతో ఒకే ఒక్క మాట చెప్పారు: కర్రను కాదు, కర్ర పట్టినవాడి భుజాన్ని చూడమని. ఆ రోజు నుంచి మా ఆటలో అదే రూలు.

ఆగస్టు: నేల మీద గీతలు

నవారుతో కాళ్ల నిచ్చెన కుట్టించాను. మంచానికి అల్లే అదే నవారు. రెండు పొడవాటి పట్టీలు, అడ్డంగా అడుగుకో పట్టీ. పెద్దల నిచ్చెనల్లో గళ్లు అడుగున్నర దాకా ఉంటాయి. ఆరేడేళ్ల పిల్లల కాళ్లకు అడుగే సరి. టైలరక్క కుట్టు కూలి తీసుకోలేదు, వాళ్లమ్మాయి మా క్లాసే. కానీ సిమెంటు నేల మీద వట్టికాళ్లతో గెంతితే నవారు జారుతోంది. చివర్లలో పాత జీన్స్ కాలుగొట్టంలో ఇసుక నింపిన మూటలు పెట్టినా మధ్య పట్టీలు పక్కకు పోతున్నాయి. అడుగున రబ్బరు షీటు ముక్కలు అంటిస్తే ఆగుతుందేమో చూడాలి. అప్పటిదాకా సుద్దముక్కతో గీసిన గళ్లే నడుస్తున్నాయి. నిజానికి తొక్కుడు బిళ్ల గళ్లతోనే సగం పని అయిపోతుంది. ఒంటికాలి మీద ఆగి వంగి బిళ్ల తీయగలిగిన పిల్లకు మాయే గేరిలో మోకాలు ఎత్తి నిలబడటం ఒక లెక్క కాదు. బిళ్ల తీసే ముందు మోకాలు ఛాతీ దాకా ఎత్తి రెండు అంకెలు లెక్కపెట్టాలని ఒక్క రూలు కలిపానంతే.

జెన్‌కుత్సు దాచికి (ముందు మోకాలు వంచి నిలబడే తీరు) పాదాల గుర్తులు కూడా గీశాం: ఎడమ పాదం ఎర్ర సుద్ద, కుడి పాదం నీలం. వెడల్పు భుజాలంత, పొడవు దానికి దాదాపు రెట్టింపు. ఇది ఎవరి భుజాలను బట్టి వాళ్లకు వేరుగా ఉండాలి కాబట్టి అందరికీ ఒకే కొలత గీస్తే తప్పు నేర్పినట్టే. జతలుగా కూర్చోబెట్టి ఒకరి కొలత ఇంకొకరిచేత గీయించాను. గీసినవాళ్లకే ఆ నిలబడే తీరు బాగా గుర్తుంది.

అసలు పని హెయాన్ కటాల్లో మొదటిదైన హెయాన్ షోదాన్ దగ్గర జరిగింది. ఇందులో 21 కదలికలు, కటా నడిచే దారి పైనా కిందా అడ్డగీతలున్న ఇంగ్లీషు పెద్ద ఐ (I) అక్షరం ఆకారంలో ఉంటుంది. పిల్లలు పోగొట్టుకునేది చేతుల్ని కాదు, తిరుగుళ్లని. ఎటు తిరగాలో తెలియక పక్కవాళ్లను చూస్తారు, పక్కవాళ్లు తప్పితే వరసంతా తప్పుతుంది. హాలు నేల మీద ఆ దారిని సుద్దపిండి ముగ్గుతో వేశాం. వేసింది నేను కాదు, ఒక పిల్లాడి అమ్మ. దారం లేకుండా, టేపు లేకుండా కంటి కొలతతో ఆవిడ వేసిన గీత అవతలి గోడ దాకా తిన్నగా వెళ్లింది. కియాయ్ (గట్టి కేక) అరవాల్సిన 9వ, 17వ కదలికల దగ్గర చిన్న పువ్వులు వేశారు. తిరుగుడు ఉన్న ప్రతి చోటా ఏ భుజం మీదుగా తిరగాలో బాణం గుర్తు.

రెండు మూడు క్లాసులకు పిల్లలంతా ముగ్గు మీద తప్పు లేకుండా నడిచారు. ఇక్కడితో ఆపితే ముగ్గు వాళ్లకు ఊతకర్ర అయ్యేది. అందుకే ప్రతి క్లాసుకూ కొంత చెరిపేస్తూ వచ్చాం. ముందు బాణాలు, తర్వాత పక్క గీతలు, తర్వాత నడిమి గీత. చివరికి మిగిలింది రెండు పువ్వులే. ఏది చెరపాలో పిల్లలనే ఎంచుకోమన్నాను. "ఇది నాకు వచ్చేసింది మేడం, తీసెయ్యండి" అనే మాట వాళ్ల నోటి నుంచి రావడం కోసమే ఈ కష్టమంతా. ఇంకా రానివాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లకోసం ఒక మూల చిన్న ముగ్గు ఉంచాం. అక్కడికి వెళ్లి చేసుకోవడం చిన్నతనమని ఎవరూ అనుకోకుండా, పెద్ద పిల్లల్ని కూడా అప్పుడప్పుడు అక్కడికే పంపుతున్నాను.

సెప్టెంబరు: ఆటలు

తోకలాట: టైలరక్క ఇచ్చిన గుడ్డ పీలికలు బెల్టు వెనక దోపుకుని, తమది కాపాడుకుంటూ ఎదుటివాళ్లది లాగాలి. వెన్ను చూపకుండా తిరగడం, పక్కకు అడుగు వెయ్యడం, దూరం కనిపెట్టడం, కుమితేకు (ఇద్దరు ఎదురెదురుగా చేసే పోరు) కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. తోక పోయినవాళ్లు ఔటనే పద్ధతి మాత్రం తీసేశాను. అలా పెడితే మొదట ఔటయ్యేది ఎప్పుడూ కదలిక తక్కువున్న పిల్లలే, వాళ్లకే ఎక్కువ ఆట కావాలి. ఇప్పుడు తోక పోతే గోడ దగ్గరికి వెళ్లి ఐదు గెదాన్ బరాయిలు (కింది దెబ్బను చేత్తో అడ్డుకోవడం) సరిగ్గా చేసి, కొత్త పీలిక తీసుకుని మళ్లీ వస్తారు.

నాలుగు స్తంభాలాట కూడా పెట్టాం. స్తంభం మారినప్పుడల్లా నిలబడే తీరు మార్చాలి. ఈ మూల జెన్‌కుత్సు, ఆ మూల కిబా దాచి (గుర్రం మీద కూర్చున్నట్టు), ఇంకో మూల కోకుత్సు (బరువు వెనక కాలి మీద), నాలుగో మూల పాదాలు కలిపి నమస్కారం. పరుగున వచ్చి ఒక్కసారిగా సరైన తీరులో ఆగాలి. ఆగలేక జారినవాళ్లే దొంగ. నిలబెట్టి నేర్పిన రోజుల్లో నడుము కిందికి దించని పిల్లలు ఈ ఆటలో తమంతట తామే దించుతున్నారు. లేకపోతే ఆగలేరు మరి.

పెంకుల గురించి

ఒక తండ్రి అడిగారు: "పెంకులు పగలగొట్టడం ఎప్పుడు నేర్పిస్తారు మేడం?" బడి వార్షికోత్సవాల్లో బెంగుళూరు పెంకులు వరసగా పేర్చి పిల్లలచేత పగలగొట్టిస్తే చప్పట్లు బాగా పడతాయి, నిజమే. నేను నేర్పనని చెప్పేశాను. పెరిగే వయసులో ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని భాగం ఉంటుంది, ఎముక పొడవు పెరిగేది అక్కడే. అక్కడ దెబ్బ తగిలితే ఆ ఎముక సరిగ్గా పెరగకపోవచ్చు. అందుకే మా సామాన్లలో మకివారా లేదు, ఇసుక బస్తా లేదు, చెక్క పగలగొట్టడం లేదు. ఎంత చౌకగా చేసుకోగలిగినా చెయ్యను.

ఆయనను ఒక సాయంత్రం క్లాసులో కూర్చోబెట్టి, వాళ్లబ్బాయిచేత ఎక్స్‌రే ఫిల్ము మీద మాయే గేరి కొట్టించాను. ఫెళ్లుమన్న చప్పుడుకు ఉలిక్కిపడ్డారు. ఈసారి వార్షికోత్సవంలో అదే పెడతాం. పదిమంది పిల్లలు, పది ఫిల్ములు, ఒకే లెక్కకు.

దసరా సెలవుల ముందు: లెక్క చూసుకుంటే

ఇప్పుడు ఇద్దరికి ఒక ప్యాడ్, ఇద్దరికి ఒక ఫిల్ము, ఇద్దరికి ఒక ఫోమ్ కర్ర ఉన్నాయి. వరసలో నిలబడే పని దాదాపు పోయింది. అన్నీ కలిపినా రూ.3,000 దాటలేదు, ఎక్కువ భాగం రబ్బరు షీట్లకే. ఫిల్ములు వారం వారం చూసుకోవాలి, టేపు ఊడితే వెంటనే పక్కన పెట్టాలి. ప్యాడ్ల పిడి దగ్గర ట్యూబు సాగిపోతోంది, నెలకోసారి మళ్లీ బిగిస్తున్నాం. ఫోమ్ కర్రలు మూడు నెలలకు మించి రావు.

ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ కింద మూడు నెలల క్లాసులు పెడతారు. మా ఊరి పక్క హైస్కూల్లో ఈసారి ఆ క్లాసులు నేనే చెప్పాలి. అక్కడ చెట్టు కింద మట్టి నేల, సామాను గది లేదు. అందుకే అన్నీ పట్టే ఒక సంచి కుట్టమని సీట్ల బాబాయ్‌కి రెక్సిన్ ఇచ్చాను. ప్యాడ్లు, ఫోమ్ కర్రలు నిలువుగా పట్టాలి, ఫిల్ములు మడత పడకుండా వెనక అట్ట ఉండాలి, స్కూటీ ముందు భాగంలో ఇమడాలి. మట్టి నేల మీద సుద్ద గీత నిలవదు కాబట్టి ముగ్గుపిండి డబ్బా కూడా అందులోకే. నిచ్చెనకు అడుగున రబ్బరు ముక్కలు అంటించే పని ఈ ఆదివారం టైలరక్క ఇంట్లో పెట్టుకున్నాం.